కొట్టు దొరికింది సరే, మనిషేడి?

కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు నడిచేంత దూరంలో, మా టిఫిన్ హోటల్ బ్రాంచికి సరిపోయే ఒక కొట్టు ఖాళీ అయింది. రోడ్డు మీదికే ముఖం, ముందు బండ్లు ఆపుకోవడానికి స్థలం, వెనక బోరు. బాడుగ కూడా మేం భయపడినంత లేదు. మా చిన్నాయన కొడుకు పది రోజులుగా ఆ కొట్టు ఫోటోలు ఇంట్లో అందరికీ చూపిస్తున్నాడు. "అక్కా, ఇట్లాంటిది మళ్లీ దొరకదు" అంటున్నాడు. వాడు కర్నూలుతో ఆగేలా లేడు. ఆ తర్వాత నంద్యాల, కడప, తిరుపతి, బెంగళూరు. ఏడాదిలో ఐదు బ్రాంచీలకు డబ్బు పెడతానని ఒక పెద్దమనిషి ముందుకొచ్చాడు. పేరు మాది, పెట్టుబడి ఆయనది. నడిపేదెవరు అని అడిగితే "చూద్దాం, దొరుకుతారు" అన్నాడు తమ్ముడు.

ఆ "దొరుకుతారు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. ఇంట్లో ఇది అంటే "నువ్వెప్పుడూ అడ్డమే" అంటున్నారు. పన్నెండేళ్లుగా మా హోటల్ లెక్కలు రాస్తున్నదాన్ని. నేను ఎందుకు వద్దంటున్నానో ఒకచోట కూర్చుని రాస్తే తప్ప నాకు మనసు నిలవదు. రాయలసీమలో ఇంటిల్లిపాదీ కష్టపడి టిఫిన్ హోటల్ నిలబెట్టుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. రెండో కొట్టు ఆలోచన వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఈ గొడవ ఏదో ఒక రూపంలో జరుగుతూనే ఉంటుంది. వాళ్ల కోసం కూడా రాస్తున్నాను.

మాది ఉరవకొండ వైపు పల్లె. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వానే సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదనుకు పడదు. చెనిక్కాయ ఊడలు దిగే వేళకు వాన ముఖం చాటేస్తే చెట్టు పచ్చగానే కనిపిస్తుంది, పెరికి చూస్తే కాయ ఉండదు. అట్లా వరసగా పంటలు పోయి, 1996లో నాయన, చిన్నాయన అనంతపురం వచ్చి టవర్ క్లాక్ దగ్గర తోపుడు బండి పెట్టారు. బండి మీద రెండే రెండు: బొరుగులతో, అంటే మరమరాలతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. 2001లో చిన్న కొట్టు తీసుకున్నారు. దోశ, ఇడ్లీ, గుంతపొంగణాలు చేరాయి. మధ్యాహ్నానికి సంగటి, ఊరిమిండి, పప్పు కూడా మొదలయ్యాయి. 2014లో ధర్మవరంలో రెండో కొట్టు, 2018లో కడపలో మూడోది. కడపది పద్నాలుగు నెలలకు మూసేశాం.

మా లాభం ఎక్కడి నుంచి వచ్చేదో నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. లెక్కలు నా చేతికొచ్చిన కొత్తలో పాత నోటుపుస్తకాలన్నీ తిరగేశాను. 2011కు ముందు పుస్తకాల్లో పప్పులపొడి అనే పద్దే లేదు. పుట్నాల పప్పు కొన్నట్టు ఉంది. ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డలు కొన్నట్టు ఉంది. వాటిని వేయించి, దంచి, జల్లించి డబ్బాలకెత్తిన మనిషి ఖర్చు ఎక్కడా లేదు. ఆ మనిషి మా జేజి, అంటే మా అవ్వ. ఎర్రకారం నూరింది అమ్మ. చట్నీకి చెనిక్కాయ విత్తనాలు వేయించి పొట్టు చెరిగింది చిన్నమ్మ. సెలవుల్లో ఎర్రగడ్డలు తరిగింది మేం పిల్లలం. 2011లో జేజి పోయింది. ఆ మరుసటి నెల నుంచి పుస్తకంలో ఇద్దరు ఆడమనుషుల జీతం కనిపిస్తుంది. ఒక్క జేజి చేసిన పనికి ఇద్దరు కావాల్సి వచ్చింది. అయినా పొడి గరుకుగా ఉందని ఆరు నెలల పాటు పాత గిరాకీలు అంటూనే ఉన్నారు.

ఆ పుస్తకాలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పదిహేనేళ్లు మేం లాభం అని రాసుకున్న దాంట్లో ఎంత భాగం జేజి కూలి! ఆమె బతికి ఉండగా ఆ మాట ఎవరమూ అనలేదు. ఆమె చేతిలో ఏనాడైనా వంద రూపాయలు పెట్టారా అని అమ్మను అడిగితే, "పండక్కి చీర తెచ్చేవాళ్లు కదా" అంది.

ఈ మధ్య ఇంకో పని చేశాను. అనంతపురం కొట్లో జీతం లేకుండా పనిచేస్తున్న ఇంటి మనుషులందరికీ బయట ఇచ్చే జీతం ఎంతో అంత వేసి, నెల లెక్క మళ్లీ కట్టాను. నాయన గల్లాలో కూర్చుంటాడు. చిన్నాయన తెల్లారి మూడున్నరకు పిండి చూసుకుంటాడు. అమ్మ నాలుగున్నరకల్లా వంటింట్లో ఉంటుంది. నేను సాయంత్రం లెక్కలు చూస్తాను. ఇవన్నీ వేశాక మిగిలిన లాభం సగానికి తక్కువే.

డబ్బు పెడతానన్న పెద్దమనిషి అనంతపురం కొట్టు లాభాన్ని ఐదుతో హెచ్చవేసి, ఇదిగో ఐదు బ్రాంచీల ఆదాయం అని కాగితం మీద చూపించాడు. తమ్ముడి ముఖం వెలిగిపోయింది. ఆ హెచ్చవేతలో అమ్మ ఐదుసార్లు ఉంది, చిన్నాయన ఐదుసార్లు ఉన్నాడు. కర్నూల్లో తెల్లారి మూడున్నరకు లేచి పిండి వాసన చూసే చిన్నాయన ఎవరు? అతనికి ఎంత ఇస్తాం? ఆ కాగితంలో ఆ పద్దే లేదు.

రుచిని కొలతల్లో రాసిస్తే చాలు, ఎవరైనా చేస్తారు అంటాడు తమ్ముడు. కొంతవరకు నిజమే. పప్పులపొడి, ఎర్రకారం, సాంబారు పొడి ఒకేచోట చేసి పంపొచ్చు. మేం ధర్మవరానికి అట్లానే పంపుతున్నాం, ఏ ఇబ్బందీ రాలేదు. కానీ ఉగ్గానిని రాసివ్వమనండి చూద్దాం. బొరుగులు నీళ్లలో వేసి, చేత్తో రెండుసార్లు తిప్పి, వెంటనే తీయాలి. రెండు అరచేతుల మధ్య పెట్టి ఒత్తితే నీళ్లు కారాలి, గింజ మాత్రం చిదిమిపోకూడదు. పిండింది వేళ్లతో విదిలిస్తే గింజకు గింజ విడిపోవాలి. కొత్తగా వేయించిన బొరుగులు కొంచెం ఎక్కువసేపు నీళ్లు తాగుతాయి. వానాకాలంలో గోతంలో చెమ్మ పట్టినవైతే నీళ్లు చూపిస్తే చాలు. తిరగమాతలో ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, టమోటా మగ్గి నూనె తేలే సరికి బొరుగులు తయారుగా ఉండాలి. ముందే తడిపి పెట్టుకుంటే ముద్దవుతాయి, ఆలస్యమైతే తిరగమాత మాడుతుంది. ఈ పని ఒక పూటలో నాలుగైదు పదుల సార్లు జరుగుతుంది. ప్రతిసారీ గోతం వేరు, ఎండ వేరు. ఇదంతా చిన్నాయన చేతికి తెలుసు. నోటితో చెప్పమంటే "అట్లా తెలుస్తాదిలే" అంటాడు.

ఇక కడప సంగతి. ఏడురోడ్ల దగ్గర్లో మంచి కొట్టు చౌకగా వచ్చింది, వదలకూడదని పెట్టేశాం. ఇప్పుడు కర్నూలు విషయంలో వింటున్న మాటలే అప్పుడూ విన్నాను. మా దగ్గర తయారైన మనిషి ఎవరూ లేరు. ఒక ఏజెంటు ద్వారా మాస్టర్ని మాట్లాడాం. చూసుకోవడానికి దూరపు బంధువును పెట్టాం. ఆరో నెలలో ఒకరోజు చెప్పకుండా వెళ్లాను. పొద్దున ఏడుంబావు. పిండి డ్రమ్ము మూత తీస్తే పులిసిన వాసన గుప్పున కొట్టింది. మే నెల, రాత్రంతా ఉక్క. చిన్నాయన అయితే ఎండాకాలంలో పిండి మూడు గంటలు ఆలస్యంగా రుబ్బుతాడు. ఇక్కడ చలికాలం వేళకే రుబ్బుతున్నారు, పులుపు తెలియకుండా పచ్చిపిండి కలిపి పైన వంటసోడా వేస్తున్నారు. పక్కన బకెట్టులో బొరుగులు నానుతున్నాయి. "రష్ టైములో ఎక్కడ పిండుతామమ్మా" అన్నాడు మాస్టరు. అతన్ని తప్పుపట్టడానికి నోరు రాలేదు. ఎవరూ నేర్పలేదు, నేర్చుకోవాల్సిన అవసరమూ అతనికి లేదు. జీతం నెల కాగానే వస్తుంది.

నేను నిలబడి ఉండగానే ఒక పెద్దాయన వచ్చి ఉగ్గాని, బజ్జీ తీసుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద చేతిలోకి తీసుకుని మళ్లీ ప్లేటులో పెట్టేశాడు. చేయి కడుక్కుని, పూర్తి డబ్బు గల్లాలో ఇచ్చి, ఒక్క మాట అనకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే క్షమాపణ అడిగేదాన్ని. ఆ మౌనం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. కడపవాళ్లకు కారం దోశ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎర్రకారం పూసి, పప్పులపొడి చల్లి, అంచులు కరకరలాడేట్టు కాల్చే పెనాలు ఆ ఊళ్లో సందుకొకటి ఉన్నాయి. అట్లాంటి ఊళ్లో మేం మా బోర్డు తప్ప ఇంకేమీ తీసుకుపోలేదు.

అదే ధర్మవరం చూడండి. అక్కడ కొట్టు పెట్టాలని మేం అనుకోనే లేదు. మా దగ్గర ఒకతను ఉండేవాడు. పద్దెనిమిదేళ్లప్పుడు కరువు సంవత్సరంలో క్లీనరుగా చేరాడు. తర్వాత సప్లయరు, తర్వాత గ్రైండరు దగ్గర, ఆ తర్వాత పెనం మీదికి. తొమ్మిదేళ్లు పట్టింది. ఒకరోజు చిన్నాయన నాయనతో, "వీడిని ఇంకా పెట్టుకుంటే మనం అన్యాయం చేసినట్టన్నా" అన్నాడు. అప్పుడు కొట్టు వెతికాం. జీతంతో పాటు లాభంలో పావలా వాటా కాగితం మీద రాసిచ్చాం. ఇంట్లో కొందరికి అది నచ్చలేదు.

వెళ్లిన మొదటి నెలలోనే అతను ఫోన్ చేశాడు. "అక్కా, ఈడ నేతోళ్లు తెల్లారకముందే మగ్గం గుంతలో కూర్చుంటారు. మన టైము పనికిరాదు. ఐదుంపావుకే ఉగ్గాని దించాల." మాకెవరికీ తట్టని విషయం అది. పట్టుచీరల షాపుల గిరాకీ పది తర్వాత మొదలవుతుందని లెక్కవేసుకుని మేం ఏడు గంటలకు తెరవమన్నాం. అతను వేళ మార్చాడు, ప్లేటు పరిమాణం మార్చాడు, నేతపనివాళ్లకు వారం ఖాతా పెట్టాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు అనంతపురంలో మేం చేతులెత్తేసి కూర్చుంటే, పార్సిళ్లకు అనుమతి రాగానే మొదట పొయ్యి వెలిగించింది అతనే. జీతగాడైతే ఊరికి వెళ్లిపోయేవాడు, అందులో తప్పు కూడా లేదు.

తమ్ముడు మాటమాటకీ మెక్‌డొనాల్డ్స్ అంటాడు. సరే, అదే చూద్దాం. అదీ ఇద్దరు అన్నదమ్ములు పెట్టుకున్న హోటలే. రిచర్డ్, మారిస్ మెక్‌డొనాల్డ్ 1940లో కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో మొదలుపెట్టారు. 1948లో మెనూ కోసేసి, వంటింటిని ఫ్యాక్టరీలా అమర్చి, హాంబర్గర్ 15 సెంట్లకు అమ్మారు. ఆ పద్ధతి వాళ్లది. దాన్ని దేశమంతా విస్తరించింది మిల్క్‌షేక్ మిక్సర్లు అమ్ముకునే రే క్రాక్. 1961లో ఆయన 27 లక్షల డాలర్లకు మొత్తం కొనేశాడు. అన్నదమ్ములు తమ మొదటి కొట్టు తాము ఉంచుకున్నారు గానీ దానికి తమ ఇంటిపేరు పెట్టుకునే హక్కు పోయింది. బోర్డు మార్చుకున్నారు. కొంతకాలానికి దగ్గర్లోనే మెక్‌డొనాల్డ్స్ కొత్త కొట్టు తెరిచింది, అన్నదమ్ములది మూతపడింది. డబ్బు పెట్టేవాడి చేతికి పేరు వెళ్లాక ఏమవుతుందో తమ్ముడు ఈ సగం కూడా చదవాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. క్రాక్ వాళ్ల దగ్గర కొనుక్కున్న అదే 1961లోనే, ఇల్లినాయ్‌లో ఒక మెక్‌డొనాల్డ్స్ కొట్టు నేలమాళిగలో హాంబర్గర్ యూనివర్సిటీ అని శిక్షణ బడి పెట్టారు. బన్నూ మాంసమూ తప్ప పెద్దగా ఏమీ లేని వంటకే మనుషుల్ని తయారుచేయడానికి బడి కావాల్సి వచ్చింది. ప్రతిరోజూ గోతం మారే బొరుగులకు అక్కర్లేదా?

మనకు దగ్గర్లోనే ఎంటీఆర్ ఉంది. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో బెంగళూరులో పెట్టిన హోటల్. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యం దొరక్క రవ్వతో ఇడ్లీ చేశారు, అదే ఇవాళ మనం తినే రవ్వ ఇడ్లీ. 1975 ఎమర్జెన్సీలో టిఫిన్ల ధరలు తగ్గించి అమ్మాలని ప్రభుత్వం ఆంక్షలు పెడితే, సరుకు నాణ్యత తగ్గించేది లేదని చెప్పి నష్టానికి అమ్మారు, చివరికి హోటల్ మూసేశారు. పనివాళ్లను వదులుకోకుండా పొడులు, మిక్సులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ పొడుల కంపెనీని 2007లో నార్వేకు చెందిన ఓర్క్లా కొనుక్కుంది. హోటళ్లు మాత్రం కుటుంబం చేతిలోనే ఉన్నాయి. నాకు ఇందులో నచ్చిందేమిటంటే, ఊళ్లు దాటి పోగలిగింది పొడి అని, చేయి దగ్గరుండి చూడాల్సింది హోటల్ అని వాళ్లకు తేడా తెలిసింది. మా జేజి పొడి డబ్బాలకెత్తి అమ్ముదామని తమ్ముడు అడిగి ఉంటే నేను మొదటి రోజే ఒప్పుకునేదాన్ని.

"మనిషిని తయారుచేస్తే ఎదురుగా కొట్టు పెడతాడు" అన్నది ఇంట్లో పెద్దల వాదన. ఇది ఊహ కాదు. మా దగ్గర పదకొండేళ్లు పెనం మీద నిలబడిన మాస్టరు ఒకరు వెళ్లి, మా సందు చివరే సొంత హోటల్ పెట్టాడు. చిన్నాయన ఏడాది పాటు ఆ సందులో నడవలేదు. కానీ పుస్తకం తీసి చూస్తే ఆ పదకొండేళ్లలో అతని జీతం పెరిగింది ఎంతో నాకు కనిపిస్తుంది. కూతురి పెళ్లికి అడ్వాన్సు అడిగితే నెలకింత కోసుకున్నాం. అతను మాకు ద్రోహం చేశాడని ఇంట్లో అంటారు. నేను అనను. అతనికి మా దగ్గర ఇంకో పదేళ్లు ఉన్నా పెనమే తప్ప ఇంకేమీ లేదు.

చెన్నైలో 1981లో మొదలైన శరవణ భవన్ దేశాలు దాటి విస్తరించింది. దాని యజమాని హత్య కేసులో దోషిగా తేలాడు, 2019లో సుప్రీంకోర్టు కూడా యావజ్జీవ శిక్ష ఖాయం చేసింది. ఆ నేరానికి ఏ సమర్థనా లేదు. అయినా ఆ సంస్థ పనివాళ్లకు ఉండడానికి ఇల్లు, వైద్యం, పిల్లల చదువుకు సాయం ఇచ్చిన పద్ధతిని హోటల్ పెట్టేవాళ్లు తెలుసుకోవాలి. అంత పెద్ద గొలుసు నిలబడడానికి సాంబారు ఒక్కటే సరిపోయి ఉండదు.

పన్నుల సంగతి తమ్ముడు వినడానికి ఇష్టపడడు గానీ రాయక తప్పదు. ఏడాది అమ్మకాలు కోటిన్నర లోపు ఉంటే జీఎస్టీలో చిన్న వ్యాపారులకు ఉండే సులువు పద్ధతి, కాంపోజిషన్ స్కీములో ఉండొచ్చు. అయితే ఒకే పాన్ మీద ఎన్ని కొట్లున్నా అన్ని అమ్మకాలూ కలిపే చూస్తారు. ఐదు కొట్లంటే అది దాటిపోతుంది. దాటాక మామూలు హోటళ్లకు గిరాకీ దగ్గర 5 శాతం వసూలు చేసి కట్టాలి. 2017 నవంబరు 15 నుంచి ఈ 5 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు, అంటే మనం కొన్నవాటి మీద కట్టిన పన్నును అందులోంచి తగ్గించుకునే వీలు లేదు. కర్నూలు ఓనరు జీఎస్టీలో ఉన్నాడు కాబట్టి బాడుగ మీద 18 శాతం పడుతుంది. ఫ్రీజరు, గ్రైండరు, కుర్చీలు, బోర్డు, అన్నింటి మీదా కట్టిన పన్ను తిరిగి రాదు, ఖర్చులోకే పోతుంది. బెంగళూరులో పెడితే కర్ణాటకలో వేరే రిజిస్ట్రేషన్. పెద్దమనిషి కాగితంలో ఇవేవీ లేవు.

కొత్త కొట్టు పెట్టేలోపు చేయాల్సిన ఒక పని ఉంది. మా పేరును హోటళ్లకు వర్తించే 43వ క్లాసులో ట్రేడ్‌మార్క్ చేయించాలి, అదీ కుటుంబం పేరు మీదే. బెంగళూరులో మనవాళ్లందరికీ తెలిసిన నందిని డీలక్స్ హోటల్ 1989 నుంచి ఆ పేరు వాడుతున్నా, నందిని పాల సమాఖ్యతో పేరు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2018లో గెలిచింది. అంత ఓపిక, ఖర్చు మాకు లేవు.

నేను పెరగొద్దు అనడం లేదు. తమ్ముడు ఎంబీఏ చేసి, బెంగళూరు ఉద్యోగం వదిలి ఇంటికొచ్చాడు. వాడికి ఈ కొట్టు ఇరుకుగా ఉండడం సహజం. ఇక్కడి పిల్లలు బెంగళూరు బస్సెక్కకుండా ఇక్కడే పని దొరికితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. నేను అడిగేది ఒక్కటే: కొట్టుకంటే ముందు మనిషి. ఆ మనిషి మా దగ్గర కనీసం రెండేళ్లు, ఒక ఎండాకాలమూ ఒక వానాకాలమూ పూర్తిగా, బొరుగులూ పిండీ పెనమూ చూసి ఉండాలి. జీతం కాక వాటా ఉండాలి, అది కాగితం మీద ఉండాలి. ఇంటి ఆడవాళ్లకు కూడా అదే లెక్క. వచ్చే నెల నుంచి అమ్మ పేరున జీతం పద్దు రాస్తున్నాను, నాయనతో పోట్లాడి ఒప్పించాను.

కర్నూలుకు మనిషి అసలే లేదని కాదు. ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒకామె మూడేళ్లుగా మా దగ్గర ఉంది. పొడుల దగ్గర చేరింది, పోయిన ఏడాది నుంచి పొయ్యి దగ్గర నిలబడుతోంది. ఆడమనిషి ఇంకో ఊళ్లో కొట్టు ఎట్లా నడుపుతుందని ఇంట్లో గొణుగుతున్నారు. జేజి ఇన్నాళ్లూ ఏం నడిపిందో వాళ్లు మర్చిపోయినట్టున్నారు. నిన్న పొద్దున ఆమె పిండిన బొరుగుల్లోంచి చిన్నాయన ఒక పిడికెడు తీసి, విదిలించి చూసి, మళ్లీ గిన్నెలో వేశాడు. "ఇంకా నీళ్లున్నాయి తల్లీ" అన్నాడు. ఆమె ఏమీ అనకుండా మళ్లీ పిండింది. రెండోసారి ఆయన చూసి, ఏమీ చెప్పకుండా బాణలి వైపు జరిపాడు.

ఇంకో ఏడాది పడుతుంది అంటున్నాడు చిన్నాయన. కర్నూలు ఓనరు సోమవారం లోపు అడ్వాన్సు ఇవ్వమన్నాడు. రేపు ఆయనకు నేనే ఫోన్ చేసి, వేరే వాళ్లెవరైనా ఉంటే ఇచ్చుకోండి అని చెప్తాను.